బూటు కోసి చూస్తే: తేలిక, వాటర్‌ప్రూఫ్, రాళ్లదారి మూడూ ఒక్క జతలో ఇముడుతాయా?

నాలుగేళ్లు తొడిగిన ట్రెక్కింగ్ బూట్లు ఒక వానాకాలంలో చేతులెత్తేశాయి. నిజం చెప్పాలంటే చేతులెత్తేసింది కుడి బూటే. తడి గడ్డిలో పది నిమిషాలు నడిస్తే చాలు, బొటనవేలి వెనక చల్లగా తగిలేది. మైనం రాశాను, స్ప్రే కొట్టాను, నీడలో ఆరబెట్టాను. లాభం లేకపోయింది. పారేసేముందు నీళ్లు అసలు ఎక్కణ్నుంచి దూరుతున్నాయో చూద్దామని, అట్టపెట్టెలు కోసే బ్లేడు తీసుకుని ముక్కు నుంచి మడమ దాకా నిలువునా కోశాను. రబ్బరు దగ్గరికొచ్చేసరికి బ్లేడు విరిగింది. మిగతాది రంపంతో కానిచ్చాను.

పైన నైలాన్ గుడ్డ. ముక్కు చుట్టూ రబ్బరు పట్టీ. గుడ్డ కింద అట్ట మందాన స్పాంజి. దాని కింద, లోపలి గుడ్డకు అతుక్కుని, ఉల్లిపొరలాంటి తెల్లటి ఫిల్మ్. కుట్టు ఉన్న ప్రతిచోటా ఆ ఫిల్మ్ మీద టేపు అంటించి ఉంది. బూటు లోపల నీళ్లు దూరని ఇంకో సాక్సు కుట్టిపెట్టినట్టు అన్నమాట. అడుగు వేసినప్పుడల్లా వేళ్ల దగ్గర బూటు మడతపడే చోట, ఆ ఫిల్మ్ మీద గోటితో గీరినట్టు సన్నటి చీలిక. పక్కనే స్పాంజిలో ఇసుక రేణువులు. నాలుగేళ్లపాటు ప్రతి అడుగుకీ ఆ ఇసుక ఉప్పుకాగితంలా పొరను రాపాడుతూ వచ్చింది.

అంతకాలం "వాటర్‌ప్రూఫ్" అన్న మాటను నేను బూటు మొత్తానికి తగిలించుకుని తిరిగాను. ఆ మాట వర్తించేది ఆ ఉల్లిపొర ఒక్కదానికే. గుడ్డ, స్పాంజి, కుట్లు, లేసులు అన్నీ మొదటిరోజు నుంచీ తడుస్తూనే ఉన్నాయి.

బూట్లు కొనేటప్పుడు మన కోరిక మూడు ముక్కల్లో ఉంటుంది. తేలికగా ఉండాలి, నీళ్లు దూరకూడదు, రాళ్లదారిలో కాలు నిలవాలి. మూడూ న్యాయమైనవే. చిక్కేమిటంటే మూడూ ఒకదాని కాలు ఒకటి పట్టి లాగుతాయి. నీళ్లాపే పొర వేస్తే లోపల వేడి పెరుగుతుంది, ఆరడం ఆలస్యమవుతుంది. బరువు తగ్గిస్తే రాయి పోటు నేరుగా అరికాలికి తెలుస్తుంది. రాళ్లకు తట్టుకునేలా గట్టిగా కడితే మళ్లీ బరువు. అట్టమీద రాసిన మూడు మాటలనూ ఒకే గుటకలో మింగకుండా, ఒక్కోదాన్నీ విడదీసి చూడాలి.

ఉల్లిపొర ఏం చేస్తుంది, ఏం చేయలేదు

1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌తో కుస్తీ పడుతున్నాడు. అంటుకోని పెనాల మీద పూతగా వేసే టెఫ్లాన్ అదే. వేడిచేసిన కడ్డీని జాగ్రత్తగా, మెల్లగా లాగుతుంటే తెగిపోతోంది. చివరికి విసుగెత్తి ఒక్క ఉదుటున గుంజాడు. తెగకపోగా చేతులు చాపినంత పొడుగు సాగింది. అలా సాగిన పదార్థం నిండా కంటికి ఆనని రంధ్రాలు ఏర్పడ్డాయి. దాన్ని పలచటి పొరగా చేసి గుడ్డకు అతికిస్తే వచ్చిందే గోర్‌టెక్స్. 1976లో అమ్మకానికి వచ్చింది. తర్వాత ఇతర కంపెనీలు తమ తమ పేర్లతో పొరలు తెచ్చాయి. కొన్నిటిలో అసలు రంధ్రాలే ఉండవు. పాలీయురెథేన్ పొర చెమటను లోపలివైపు పీల్చుకుని బయటివైపు వదులుతుంది.

గోర్‌టెక్స్ రంధ్రం నీటిబొట్టుకంటే సుమారు 20,000 రెట్లు చిన్నదని, నీటి ఆవిరి అణువుకంటే సుమారు 700 రెట్లు పెద్దదని ఆ కంపెనీ లెక్క. బొట్టుగా వచ్చే నీరు ఆగిపోతుంది, ఆవిరిగా పోయే చెమట దాటిపోతుంది. వినడానికి ముచ్చటగా ఉంటుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోయి బిల్లు కట్టేస్తారు.

అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఆవిరి దానంతటదే బయటికి పోదు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే అది అటు నడుస్తుంది. బయట చలిగా, పొడిగా ఉంటే బూటు లోపలి వెచ్చటి తడిగాలికి తోవ దొరుకుతుంది, పొర తన పని చేస్తుంది. బయట ఉక్కగా ఉండి గాలి కూడా పాదంలాగే వేడిగా, తడిగా ఉంటే ఆవిరి ఎటు పోవాలి? కిటికీ తెరిచే ఉంది, గాలే కదలడం లేదు. ఒక్కో పాదానికి లక్షకు పైగా చెమట గ్రంథులు ఉంటాయి. ఎక్కుడు దారిలో అవి ఊరుకోవు. వేడి, తేమ రెండూ ఉన్న అడవిలో పొద్దున తొడిగిన వాటర్‌ప్రూఫ్ బూటు మధ్యాహ్నానికి, చుక్క వాన పడకపోయినా, లోపల తడిసిపోయేది ఇందుకే. అలాంటప్పుడు చాలామంది తిట్టేది బూటును. తిట్టవలసింది వాతావరణాన్ని, లేదా ఆ వాతావరణానికి ఆ బూటును ఎంచుకున్న మనల్ని.

ఇంకో తిరకాసు పై గుడ్డ దగ్గర ఉంది. కొత్త బూటు మీద నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్లలా జారిపోతాయి కదా, అది ఉల్లిపొర గొప్పతనం కాదు. పై గుడ్డకు వేసిన నీటిని తోసే పూత పని. రాపిడికి, మట్టికి ఆ పూత కొన్ని వారాల్లోనో నెలల్లోనో పలచబడుతుంది. అప్పుడు పై గుడ్డ నీళ్లు తాగి నానుతుంది. ఉల్లిపొర ఇంకా నీటిని ఆపుతూనే ఉంటుంది, కానీ దాని ముఖాన తడిగుడ్డ కప్పినట్టవుతుంది. లోపలి ఆవిరి బయటికి పోలేదు. పైగా బూటు బరువెక్కుతుంది, చల్లబడుతుంది, ఆ చల్లదనానికి లోపలి ఆవిరి నీరుగా మారుతుంది. "బూటు కారుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ బాపతే. గోరువెచ్చటి నీళ్లతో మట్టి కడిగి పూత మళ్లీ వేస్తే సగం జబ్బు కుదురుతుంది.

ఈ పూతల్లో, పొరల్లో ఫ్లోరిన్ రసాయనాలు వాడేవారు. అవి నేలలో, నీటిలో తేలిగ్గా విచ్ఛిన్నం కావు కాబట్టి ఇప్పుడు వాటిని వదిలించుకుంటున్నారు. 2022 నుంచి గోర్ కూడా పాలిథిలిన్‌తో చేసిన కొత్త పొరను తెచ్చింది. మంచి మార్పే. కానీ ఫ్లోరిన్ లేని పూతలు నీటిని తోసినంత బాగా జిడ్డును తోయలేవు. మురికి పడితే తొందరగా డీలా పడతాయి. కొత్తరకం బూట్లు కొన్నవాళ్లు కడగడం, పూత వేయడం కాస్త తరచుగా చేసుకోవాలి.

కారుతోందా, చెమటా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇన్‌సోల్, అంటే పాదం కింద విడిగా వచ్చే మెత్త, తీసేసి, బూటు లోపల ముక్కు నుంచి మడమ దాకా పొడి టిష్యూ కాగితం పరవండి. లోపల ఒక రాయి పెట్టి, నీళ్లున్న బకెట్‌లో దించండి. నీటిమట్టం లేసుల మొదటి రెండు మూడు రంధ్రాలను దాటాలి, లేసుల కింద ఉండే నాలిక పక్కన కుట్టిన మడత గుడ్డ పై అంచు మాత్రం మునగకూడదు. గంట వదిలేయండి. కాగితం మీద ఎక్కడైనా తడి మచ్చ కనిపిస్తే అక్కడ పొర పోయినట్టే. కాగితం పొడిగా ఉంటే ఇన్నాళ్లూ మీరు తిట్టింది మీ చెమటనే.

మూడో దారి: పైనుంచి

పొర చీలితే కింది నుంచి తడి, ఆవిరి పోకపోతే లోపలి నుంచి తడి. ఇవి రెండూ ఎలాగోలా సర్దుకోవచ్చు. పైనుంచి వచ్చే నీటికి మాత్రం ఏ సాంకేతికతా అడ్డం రాదు.

ఒకసారి మోకాలి లోతు వాగు దాటాల్సి వచ్చింది. బూట్లు విప్పి మెడలో వేసుకుని దాటదామనుకున్నాను. అడుగున రాళ్లు నాచుపట్టి ఉన్నాయి. ఒట్టికాళ్లతో జారితే చీలమండ విరుగుతుందని భయపడి బూట్లతోనే దిగాను. అవతలి గట్టు మీద కూర్చుని బూటు తిరగేస్తే చెంబుతో ఒంపినట్టు ధార కట్టింది. నా ముందు దాటినాయన తొడిగినవి పలచటి జాలీగుడ్డ బూట్లు. ఆయనవి అరగంట నడిచేసరికి పిండేసినట్టయ్యాయి. నావి ఆ రోజు ఆరలేదు, మర్నాడూ ఆరలేదు. నీళ్లను లోపలికి రానివ్వని పొర, వచ్చిన నీళ్లను బయటికీ పోనివ్వదు. ఆ రెండు రోజుల్లో నా మడమలు ఉడకబెట్టినట్టు తెల్లబడి, రెండుచోట్ల పొక్కులు లేచాయి.

కాబట్టి కొనేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న "ఎంత వాటర్‌ప్రూఫ్?" కాదు, "నా దారిలో నీళ్లు ఎటునుంచి వస్తాయి?" అన్నది. పొద్దుటి మంచు పట్టిన గడ్డి, చల్లటి జల్లు, బురద, కరుగుతున్న మంచు, బూటు సగం కూడా మునగని పాయలు: ఇక్కడ వాటర్‌ప్రూఫ్ బూటు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. చలిలో తడిస్తే పాదం మొద్దుబారుతుంది, అది చిన్న సంగతి కాదు. వాగులు మాటిమాటికీ దాటాలి, ఎండ కూడా ఉంది అంటే మాత్రం పొర లేనిదే మేలు. తడి ఎలాగూ తప్పనప్పుడు తొందరగా ఆరేదే కావాలి. రోజంతా ధారగా కురిసే వానలో అయితే ప్యాంటు మీది నీళ్లు సాక్సుల్లోకి దిగి, సాక్సుల నుంచి బూట్లోకి దిగుతాయి. ప్యాంటును బూటు మీదికి వదిలేయడమో, పిక్కల మీద గేటర్లు, అంటే బూటు మెడను కప్పే గుడ్డ తొడుగులు, కట్టుకోవడమో చేస్తే కొంత ఆపవచ్చు. ప్యాంటును బూట్లోకి దోపుకోవడం అంటే నీటికి కాలువ తవ్వి ఇచ్చినట్టే.

బూటు ఎత్తు కన్నా చూడవలసింది నాలిక. నాలికకూ బూటు ఒంటికీ మధ్య మడతగుడ్డ ఎంత ఎత్తుదాకా కుట్టారో అంతవరకే ఆ బూటు వాటర్‌ప్రూఫ్. బయటికి జానెడు ఎత్తు కనిపించే బూటులో కూడా ఆ కుట్టు సగంలో ఆగిపోయి ఉండొచ్చు. దుకాణంలో లేసులు వదులుచేసి వేలు పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. ఇది నేనెవరికి చెప్పినా "ఓస్, ఇంతేనా" అంటారు, ఎవరూ చూడరు.

గ్రాముల లెక్క

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ముసలావిడ అమెరికాలోని అపలాచియన్ దారిని, మూడు వేల కిలోమీటర్లకు పైబడ్డ కొండదారిని, ఒంటరిగా మొదటి నుంచి చివరిదాకా నడిచింది. కాళ్లకు మామూలు కాన్వాస్ బూట్లు. దారిలో చాలా జతలు అరిగిపోయాయి, అది వేరే విషయం. బరువైన తోలు బూట్లు లేనిదే కొండ ఎక్కకూడదన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో ఆవిడ మాటల్లేకుండా ఒక వాదన గెలిచింది.

ఆ వాదనకు తర్వాత కొలతలూ దొరికాయి. సైనికుల మీద, నడిచేవాళ్ల మీద ఆక్సిజన్ ఖర్చు కొలిచి చూసిన పరిశోధనల్లో, పాదానికి కట్టిన బరువు అదే బరువు వీపున మోసినదానికంటే 4.7 నుంచి 6.4 రెట్లు శక్తి తింటుందని తేలింది. వీపు మీది బరువు మనతోపాటు సాఫీగా కదులుతుంది. పాదం మీది బరువును ప్రతి అడుగుకూ లేపి, ముందుకు విసిరి, ఆపి, మళ్లీ లేపాలి.

1,500 గ్రాముల పాతకాలపు తోలు జత, 900 గ్రాముల తేలిక జత పక్కపక్కన పెట్టుకుందాం. ఒక్కో పాదానికి 300 గ్రాముల తేడా. రోజుకు 20 కిలోమీటర్లు, కిలోమీటరుకు సుమారు 1,400 అడుగులు అనుకుంటే 28,000 అడుగులు. అడుగుకు 300 గ్రాముల చొప్పున సాయంత్రానికి 8,400 కిలోలు అదనంగా ఎత్తినట్టు. తొడ కండరాలు రాత్రికి ఎందుకు లాగుతాయో వేరే చెప్పక్కర్లేదు. అలసిన కాలు ఎత్తాల్సినంత ఎత్తు లేవదు, వేరుకో రాయికో తట్టుకుంటుంది. దిగుడులో తూలిపడే ప్రమాదాల వెనక ఈ అలసట కూడా ఉంటుంది.

అలాగని తక్కువ తూగిన జతను కళ్లకద్దుకుని తెచ్చుకోవద్దు. గ్రాములు ఎక్కడ కోశారో చూడాలి. తోలు బదులు నైలాన్ గుడ్డ, పాదం కింద ఇనుప రేకు బదులు నైలాన్ పలక: ఇవి మంచి పొదుపులు. ముక్కు దగ్గరి రబ్బరు పట్టీ తీసేయడం, మడమ చుట్టూ ఉండే గట్టి గుల్లను మెత్తగా చేయడం, సోలు రబ్బరును చాలాచోట్ల తీసేసి స్పాంజిని బయటికి వదిలేయడం: ఇవి రాళ్లదారిలో మన నెత్తికే చుట్టుకుంటాయి. బూటును బోర్లించి చూడండి. సోలు పళ్ల మధ్య రబ్బరు లేకుండా మెత్తటి తెల్ల స్పాంజి కనిపిస్తే, వాడి రాళ్లు దాన్ని మొదటి నెలలోనే కొరికిపెడతాయి.

పైగా దుకాణంలో తూచేది పొడి బూటును. చీలమండ చుట్టూ దిండుల్లాంటి స్పాంజి కుట్టిన బూటు తొడుగుకుంటే హాయిగానే ఉంటుంది. వానలో ఆ దిండ్లన్నీ నీళ్లు తాగుతాయి. పలచగా కుట్టిన బూటు తడిసినా పెద్దగా బరువెక్కదు. తేలిక కోసం డబ్బు పెట్టేవాళ్లు తడిబరువు గురించి కూడా ఒక్క నిమిషం ఆలోచించాలి. అట్టమీద అది ఎవరూ రాయరు.

రాయి మీద నిలబెట్టేది ఏది

కోసిన బూటులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది సోలు. కింద నల్ల రబ్బరు, మధ్యన ఈవీఏ అనే తేలిక ప్లాస్టిక్ స్పాంజి, ఆ రెంటి నడుమ పాదం మధ్య నుంచి మడమ దాకా పలచటి ప్లాస్టిక్ పలక. మడమ కింద, మునివేళ్ల వెనక స్పాంజి సగానికి సగం నలిగి చదునైపోయింది. పై నుంచి చూస్తే బూటు బాగానే ఉంది. ఆఖరి ఏడాది రాళ్లు ఎందుకంత గుచ్చుకున్నాయో అప్పుడు తెలిసింది.

సోలు సంగతి చేతులతోనే పట్టుకోవచ్చు. ముక్కునూ మడమనూ పట్టి వంచితే, వేళ్లు మడిచే చోటే బూటు వంగాలి. మధ్యలో అట్టలా మడతపడితే ఆ బూటు చదును దారికి తప్ప పనికిరాదు. తర్వాత తడి తువ్వాలు పిండినట్టు మెలితిప్పండి. కొంత తిరగాలి, కొంత ఎదురు తిరగాలి. బొత్తిగా తిరగకపోతే ఎగుడుదిగుడు రాళ్ల మీద సోలు నేలకు ఒదగదు, చెక్క మీద నిల్చున్నట్టుంటుంది. గుడ్డపేలికలా తిరిగిపోతే ప్రతి రాయికీ పాదమే సర్దుకోవాలి, సాయంత్రానికి అరికాలు మంటెత్తుతుంది. చివరిగా బొటనవేలితో సోలు మధ్యలో గట్టిగా నొక్కండి. నొక్కు లోపలికి తెలిసిందంటే వాడి రాయి కూడా తెలుస్తుంది.

చీలమండ దాకా ఎత్తున్న బూటు కాలు మెలికపడకుండా కాపాడుతుందన్నది అందరి నోటా వినే మాట. నేనూ చాలాకాలం నమ్మాను. తేలికరకం బూటు మెడ గుడ్డతోనూ స్పాంజితోనూ కుట్టినది. డెబ్బై కిలోల మనిషి పాదం పక్కకు ఒరిగితే ఆ గుడ్డ ఆపలేదు. ఆపగలిగినంత గట్టి మెడ ఉండేది మంచుకొండలెక్కే బరువైన బూట్లకు. తేలిక బూటులో మెలికను తగ్గించేవి మడమను గట్టిగా పట్టే గుల్ల, వెడల్పాటి సోలు, నేలకు దగ్గరగా నిలిచే పాదం. ఈమధ్య పాదం కింద మూడు నాలుగు సెంటీమీటర్ల స్పాంజి వేసిన బూట్లకు మోజు పెరిగింది. చదును దారిలో మెత్తగానే ఉంటాయి. ఒరిగిన రాయి మీద మాత్రం పాదం ఎంత ఎత్తున ఉంటే మెలిక అంత ఎక్కువ. పీట మీద నిలబడి తూలడానికీ నేల మీద తూలడానికీ ఉన్నంత తేడా.

అయితే ఎత్తు మెడ దండగా అంటే అదీ కాదు. రాయి అంచుకు ఎముక కొట్టుకోకుండా, గులకరాళ్లు, ముళ్లు, బురద లోపలికి రాకుండా కాపాడుతుంది. లోతు తక్కువ పాయల్లో రెండంగుళాలు అదనంగా వెసులుబాటిస్తుంది. ఆ పనుల కోసం కొనుక్కోండి.

రబ్బరు పళ్ల చరిత్ర వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో విటాలె బ్రామని అనే పర్వతారోహకుడి బృందంలో ఆరుగురు చనిపోయారు. వాతావరణం తిరగబడినప్పుడు వాళ్ల కాళ్లకున్న తొడుగులు ఆ చలికీ మంచుకూ సరిపోయేవి కావు. ఆ రోజుల్లో కొండలెక్కడానికి వాడింది మేకులు కొట్టిన తోలు సోళ్లు, ఎత్తయిన రాళ్ల మీద పలచటి మెత్తటి బూట్లు. రెండు పనులూ ఒక్క సోలే చేయాలని బ్రామని పట్టుబట్టి, పిరెల్లి టైర్ల కంపెనీ సాయంతో 1937లో పళ్లున్న రబ్బరు సోలు తెచ్చాడు. ఆయన పేరూ ఇంటిపేరూ కలిపితే వచ్చిందే వైబ్రమ్. 1954లో ఇటలీ బృందం కే2 శిఖరం ఎక్కినప్పుడు కాళ్లకింద ఉన్నవి ఆ సోళ్లే.

పళ్లు ఎంత లోతుంటే అంత పట్టు అనుకోవడం సగం నిజం. బురదలో, వదులు మట్టిలో నాలుగైదు మిల్లీమీటర్ల పళ్లు, వాటి మధ్య ఎడం కావాలి. ఎడం లేకపోతే మట్టి ఇరుక్కుపోయి కాలికింద రొట్టె కట్టినట్టవుతుంది. తడి బండ మీద లెక్క తలకిందులు. అక్కడ పట్టు ఇచ్చేది పళ్ల లోతు కాదు, రబ్బరు మెత్తదనం, బండకు తగిలే వైశాల్యం. మెత్తటి రబ్బరు తొందరగా అరుగుతుంది, గట్టి రబ్బరు ఏళ్లు మన్నుతుంది కానీ తడి బండ మీద సబ్బులా జారుతుంది. ఎక్కువ కాలం మన్నిందని పొగిడే సోలును నేను కాస్త అనుమానంగానే చూస్తాను. ఇక నాచు పట్టిన రాయి మీద ఏ రబ్బరూ నిలవదు. అక్కడ చూసి అడుగేయడమే, వేరే మందు లేదు. మడమ కింద మెట్టులా కోసిన అంచు ఉందో లేదో చూసుకోండి, దిగుడులో బ్రేకు అదే.

కాలికి కుదరకపోతే అంతా వృథా

ఇంత చెప్పాక, పొరా సోలూ బరువూ అన్నీ బాగున్నా కాలికి కుదరని బూటు కన్నా కుదిరిన చవకరకం నయం అని ఒప్పుకోవాలి. ప్రతి కంపెనీ బూటు కట్టేది ఒక అచ్చు మీద. ఆ అచ్చు మీ పాదంలా లేకపోతే సైజు మార్చి లాభం లేదు.

సైజు అంటే మడమ నుంచి వేలికొస దాకా పొడవే అనుకుంటాం. మడమ నుంచి బొటనవేలి కీలు దాకా ఉండే పొడవు ఇంకా ముఖ్యం. బూటు మడతపడేది అక్కడ. ఇద్దరిదీ ఒకే పొడుగు పాదమైనా ఒకరికి వేళ్లు పొడుగు, ఇంకొకరికి పొట్టి. బూటు వంగేచోటా కీలు వంగేచోటా కలవకపోతే ఎంత ఖరీదైన బూటైనా కరుస్తుంది. చిన్న ఉపాయం: ఇన్‌సోల్ బయటికి తీసి దానిమీద నిలబడండి. పాదం అంచులు దాటి బయటికి పొంగితే ఆ బూటు ఇరుకు.

సాయంత్రం పూట, నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బినప్పుడు, దారిలో తొడిగే సాక్సుతోనే వేసి చూసుకోవాలి. సాక్సు ఉన్నిదో సింథటిక్‌దో కావాలి. నూలు సాక్సు చెమట పీల్చి వదలదు, చెమ్మగిల్లిన చర్మానికి రాపిడి ఎక్కువై పొక్కులు లేస్తాయి. ఒకే మోడల్‌లో పొర ఉన్నదీ లేనిదీ రెండూ దొరికితే రెండూ తొడిగి చూడండి. సాక్సులా కుట్టిన ఆ లోపలి పొర కొంత చోటు తినేస్తుంది, తోలులాగా సాగదు. "వాడగా వాడగా వదులవుతుందిలే" అన్న మాట పాత తోలు బూట్లది, వీటికి పనికిరాదు.

దుకాణంలో చదును నేల మీద అటూ ఇటూ నడిస్తే ఏదైనా బాగానే ఉంటుంది. వాలు బల్ల ఉంటే దానిమీద, లేకపోతే మెట్లమీద దిగుతూ బలంగా అడుగేయండి. వేళ్లు ముక్కుకు తగిలాయంటే ఆ జత అక్కడే వదిలేయండి. ఇంటికి తెచ్చుకుంటే మొదటి పెద్ద దిగుడులోనే గోళ్లు నల్లబడతాయి. ఎక్కేటప్పుడు మడమ లేస్తుంటే లేసు సంగతి చూడాలి: పై కొక్కేలకు ముందు లేసును రెండు మెలికలు వేసి బిగిస్తే కింది బిగువు అక్కడే ఆగుతుంది, మడమ వెనక్కి కూర్చుంటుంది. అప్పటికీ లేస్తే అచ్చు మీది కాదు.

కొన్నాక చేయకూడనిది ఒకటుంది. తడి బూట్లను నెగడు దగ్గరో హీటరు దగ్గరో పెట్టొద్దు. తేలిక బూట్ల సోలును పట్టి ఉంచేది జిగురు, వేడికి అది ఊడుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, తడి పీల్చాక మార్చుతూ నీడలో ఆరబెట్టాలి. బాగున్నాయి కదా అని ఏళ్ల తరబడి దాచిపెట్టడం ఇంకో పొరపాటు. పాలీయురెథేన్ స్పాంజి సోలు గాల్లోని తేమకే మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. అపురూపంగా పెట్టెలో దాచిన జత, అయిదారేళ్ల తర్వాత తీసి తొడిగితే మొదటి మైలులోనే సోలు పొడిపొడిగా రాలిపోవడం జరిగేదే. ఈవీఏ అలా రాలదు, నా బూటులోలాగా నలిగి చదునవుతుంది.

నేను చేయనిది మరొకటి ఉంది, లోపల కడగడం. పైన మట్టి దులిపేవాణ్ని, లోపలి ఇసుకను పట్టించుకోలేదు. నాలుగేళ్ల ఇసుక ఆ మడతలో చేరి కూర్చుంది. ప్రతి నాలుగైదు నడకలకు ఒకసారి ఇన్‌సోల్ తీసి నీళ్లతో తొలిస్తే ఆ చీలిక ఇంకో రెండేళ్లు ఆలస్యమయ్యేదేమో.

ఎడమ బూటును కోయలేదు. దాన్ని బకెట్‌లో పెట్టి చూశాను. గంట తర్వాత తీస్తే టిష్యూ కాగితం పెళపెళలాడుతూ పొడిగా ఉంది. ఒంటి బూటును ఏం చేసుకోవాలో తెలియక అరమీద పెట్టాను, పక్కనే కోసిన కుడిది రెండు చెక్కలుగా.